వైజాగ్‌లో ఉండి డల్లాస్ ఇంటికి అద్దెవాళ్లను ఎంచుకోవడం ఎలా?

నమస్తే అండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రెండేళ్ల క్రితం కుటుంబంతో వైజాగ్ వచ్చేశారు, డల్లాస్ దగ్గరి ఇల్లు అమ్మకుండా ఉంచుకున్నారు, ఇప్పుడున్నవాళ్లు ఖాళీ చేస్తున్నారు. కొత్తగా వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో ఇక్కడి నుంచి తెలుసుకోవడం ఎలా అని. పైగా "మన తెలుగువాళ్లకే ఇచ్చేస్తే ఏ టెన్షనూ ఉండదు" అని మీ బావగారు అంటున్నారు, అది ఎంతవరకు నిజం అని.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇక్కడి నుంచి చేయొచ్చు. మేం 2015లో తిరిగొచ్చాం, అప్పటి నుంచి వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటూనే టెక్సస్‌లోని రెండు ఇళ్లకు నేనే అద్దెవాళ్లను ఎంచుకుంటున్నాను. మీ షరతులు ప్రకటన వేయకముందే కాగితం మీద పెట్టండి. వాళ్లు ఇచ్చే ప్రతి పత్రాన్నీ, వాళ్లు చెప్పిన ఫోన్ నంబరుతో కాకుండా మీరే వెతికి పట్టుకున్న దారిలో సరిచూడండి. అక్కడ ఇంటి గుమ్మం దాకా వెళ్లగలిగే మనిషి ఒకరిని పెట్టుకోండి. మీ బావగారి మాట మాత్రం పక్కన పెట్టేయండి. అది అక్కడి చట్టంతో చిక్కు తెస్తుంది, ఇంటినీ కాపాడదు.

మనవాళ్లయినంత మాత్రాన ఇల్లు భద్రం కాదన్న సంగతి నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. తిరిగొచ్చిన కొత్తలో ఒకాయన ఫోన్ చేశారు, మా పిన్ని కొడుకుతో కలిసి చదువుకున్నారట. గంటసేపు మాట్లాడుకున్నాం, ఊళ్ల గురించి, కాలేజీల గురించి, తెలిసినవాళ్ల గురించి. ఫోన్ పెట్టేసేసరికి ఇల్లు ఆయనదే అన్నంత నమ్మకం కుదిరింది. జీతం కాగితం అడగడానికి మొహమాటపడ్డాను. రెండు నెలలు అద్దె వచ్చింది, మూడో నెల నుంచి "వచ్చే వారం" అన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే లీజు మీద సంతకం పెట్టేనాటికే ఆయన కాంట్రాక్టు ఉద్యోగం అయిపోయింది. నాలుగు నెలల అద్దె, అప్పట్లో నెలకు 1,900 డాలర్ల లెక్కన 7,600 పోయింది. నోటీసు ఇచ్చి జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో (ఇలాంటి కేసులు చూసే అక్కడి చిన్న స్థానిక కోర్టు) ఖాళీ చేయించే కేసు వేయాల్సిన పనిని, తెలిసినవాళ్లు ఏమనుకుంటారో అని రెండు నెలలు వాయిదా వేసింది నేనే. ఆయన చెడ్డమనిషి అని ఇప్పటికీ అనను, ఉద్యోగం పోయి ఇబ్బందిలో ఉన్నారు. కానీ పరిచయం ఉండటం వల్ల నేను అడగాల్సినవి అడగలేదు, వేయాల్సిన కేసు వేయలేదు. ముక్కూమొహం తెలియని మనిషైతే మొదటి రోజే జీతం కాగితం అడిగి ఉండేదాన్ని.

ఇక చట్టం సంగతి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, ఆడా మగా అన్న తేడా, వైకల్యం, 18 ఏళ్లలోపు పిల్లలు ఉండటం, వీటిని బట్టి ఇల్లు ఇవ్వడం, ఇవ్వకపోవడం కుదరదు. (వైకల్యం, పిల్లలు అన్నవి 1988లో చేర్చారు.) ఇక్కడ సీతమ్మధారలోనో అక్కయ్యపాలెంలోనో టూలెట్ బోర్డు మీద "వెజిటేరియన్లకు మాత్రమే", "చిన్న కుటుంబానికి" అని రాయడం చూసీ చూసీ మనకు అది మామూలు అయిపోయింది. అదే అలవాటుతో డల్లాస్ ఇంటి ప్రకటనలో "ఇండియన్ ఫ్యామిలీ కావాలి" అని రాస్తే నేరుగా చట్టాన్ని దాటినట్టే. మూడు ఇళ్లకు మించకుండా ఉండి, ఏజెంటు లేకుండా సొంతంగా అద్దెకిచ్చే ఓనర్‌కి ఈ చట్టంలో కొంత మినహాయింపు ఉంది, మా ఫ్రెండ్స్ కొందరు అది చూపించి వాదిస్తుంటారు. కానీ ఆ మినహాయింపు ప్రకటనలకు వర్తించదు, ఏజెంటును పెట్టుకున్న క్షణమే మొత్తం పోతుంది, జాతి విషయంలో అయితే 1866 నాటి పౌరహక్కుల చట్టం విడిగా ఉంది. మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే మెసేజ్ కూడా ప్రకటనే అనుకుని రాయండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేస్తే అదే సాక్ష్యం అవుతుంది.

ఇంకో చిన్న సంగతి, కానీ మనకు చాలా కష్టమైనది. ఫోన్‌లో పలకరించగానే మన నోట వచ్చే మొదటి మాట "మీదే ఊరండీ?". ఇక్కడ అది మర్యాద. అక్కడ ఇల్లు అద్దెకిచ్చే ఓనర్ నోట అదే ప్రశ్న, తర్వాత ఇల్లు ఇవ్వకపోతే, పుట్టిన చోటు చూసి కాదన్నారనడానికి దారి తీస్తుంది. పిల్లలెంతమంది, ఇంకా ఎప్పుడు, ఏ గుడికి వెళ్తారు, ఇవన్నీ అంతే. ఇంట్లో ఎంతమంది ఉంటారు, వాళ్లలో పెద్దవాళ్లు ఎవరెవరు అన్నది మాత్రం దరఖాస్తులో అడగొచ్చు, 18 దాటిన ప్రతి ఒక్కరితోనూ లీజు మీద సంతకం పెట్టిస్తాం కాబట్టి. నేను ఎవరితోనైనా మాట్లాడే ముందు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకుంటాను, అందరినీ అవే అడుగుతాను, మాటల్లో దారి తప్పకుండా.

షరతుల కాగితం గురించి కాస్త వివరంగా. టెక్సస్‌లో ఇది మంచి అలవాటు మాత్రమే కాదు, దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఎంపిక షరతులను రాతపూర్వకంగా చూపించాలని అక్కడి ప్రాపర్టీ కోడ్, అంటే ఆస్తుల చట్టం, చెప్తుంది. చూపించకుండా కాదంటే దరఖాస్తు ఫీజు, డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. నా కాగితంలో ఉండేవి: నెల ఆదాయం, పన్నులు పోకముందు, అద్దెకు మూడు రెట్లు (అద్దె 2,400 అయితే 7,200); గత మూడేళ్లలో ఖాళీ చేయించిన కోర్టు తీర్పు ఉండకూడదు; పాత ఓనర్ దగ్గర అద్దె బాకీ ఉండకూడదు; క్రెడిట్ స్కోరు (అప్పులు సరిగ్గా తీరుస్తున్నారా అని చెప్పే అంకె) 650 దాటాలి, దాటకపోతే ఏమేం చూపిస్తే ఒప్పుకుంటానో కూడా అక్కడే రాస్తాను. సిగరెట్, పెంపుడు జంతువుల సంగతి. ఒక మాట, వైకల్యం ఉన్నవాళ్లకు సాయంగా ఉండే కుక్క ఈ చట్టం దృష్టిలో పెంపుడు జంతువు కాదు, దానికి పెట్ ఫీజు వసూలు చేయకండి. షరతులన్నీ తీర్చిన దరఖాస్తుల్లో ఏది ముందు పూర్తిగా వస్తే వాళ్లకే ఇల్లు. ఈ చివరి వాక్యం ఒక్కటి రాసుకున్నాక నాకు సగం బరువు తగ్గింది, ఎందుకంటే "వీళ్లా వాళ్లా" అని రాత్రంతా ఆలోచించే పని లేదు, తర్వాత ఎవరైనా అడిగినా చూపించడానికి తేదీ, టైమూ ఉంటాయి.

ఇప్పుడు అసలు పని, కాగితాలు సరిచూడటం. ఈ రోజుల్లో జీతం పత్రం, అదే పే స్టబ్, కంప్యూటర్‌లో తయారు చేయడం చాలా తేలిక. చూడటానికి అచ్చం అసలులా ఉంటుంది. కాబట్టి నేను అందాన్ని చూడను, లెక్క చూస్తాను. అక్కడ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను పథకం) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) 1.45 శాతం కోస్తారు. అంటే రెండు వారాల జీతం 4,000 డాలర్లయితే 248, 58 పోవాలి. ఆరోగ్య బీమా ప్రీమియం పన్నుకు ముందే కోసేవాళ్లకు ఈ అంకెలు కాస్త తక్కువ ఉంటాయి, ఎఫ్-1 అనే చదువు వీసా మీద ఓపీటీలో (చదువుకు సంబంధించిన పని చేసుకునే తాత్కాలిక అనుమతి) ఉన్న విద్యార్థుల్లో చాలామందికి ఈ రెండు కోతలూ అసలు ఉండవు, పెద్ద జీతాలవాళ్లకు ఏడాది చివర్లో సోషల్ సెక్యూరిటీ కోత ఆగిపోతుంది. ఇవి గుర్తు పెట్టుకుని చూడండి, లేకపోతే నిజమైనవాళ్లను అనుమానిస్తారు. తర్వాత ఏడాది మొదటి నుంచి వచ్చిన మొత్తం జీతం అని కింద ఒక అంకె ఉంటుంది. వరుసగా రెండు మూడు పత్రాలు తీసుకుని, ఒకదాని నుంచి ఇంకోదానికి ఆ మొత్తం సరిగ్గా ఒక జీతం అంత పెరిగిందో లేదో కూడండి. ఒకసారి నాకు వచ్చిన మూడు పత్రాల్లో రెండింట్లో ఆ మొత్తం ఒకటే ఉంది. అడిగితే మళ్లీ జవాబు రాలేదు.

బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ జీతం పడిన తేదీ, నికర మొత్తం పత్రంతో కలవాలి. అదే స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా మొదటి వారంలో పాత అద్దె వెళ్తోందా అన్నది కూడా కనిపిస్తుంది, దాన్ని మించిన సాక్ష్యం నాకైతే ఇంకోటి లేదు.

ఉద్యోగం ఉందా లేదా అని కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు, దరఖాస్తులో రాసిన నంబరుకు చేయకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న మెయిన్ నంబరుకు చేసి హెచ్‌ఆర్‌కి కలపమనండి. మన రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ ఎండాకాలంలో ఉదయం పది, చలికాలంలో తొమ్మిది. భోజనం చేసి కూర్చుంటే మూడు ఫోన్లు అయిపోతాయి.

పాత ఓనర్ విషయంలో కూడా అదే జాగ్రత్త. "మా ఓనర్" అని తమ్ముడి నంబరు, ఫ్రెండ్ నంబరు ఇచ్చేవాళ్లు ఉంటారు. టెక్సస్‌లో ఏ ఇల్లు ఎవరి పేరున ఉందో కౌంటీ (మన జిల్లా లాంటిది) అప్రైజల్ డిస్ట్రిక్ట్, అంటే పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే కార్యాలయం, వెబ్‌సైట్‌లో దాదాపు అన్ని ఇళ్లకూ ఉచితంగా చూడొచ్చు, డల్లాస్, కాలిన్, డెంటన్ కౌంటీలు మూడింటికీ విడివిడిగా ఉన్నాయి. దరఖాస్తులో రాసిన పాత చిరునామా అక్కడ కొట్టండి, ఓనర్ పేరు కలవాలి. (కొందరి పేర్లు చట్టప్రకారం దాచి ఉంచుతారు, కలవనంత మాత్రాన మోసం అనుకోకండి, ఇంకో రుజువు అడగండి.) ఖాళీ చేయించిన కేసులు కౌంటీ కోర్టు రికార్డుల్లో పేరుతో వెతకొచ్చు, ఒకే పేరు పదిమందికి ఉంటుంది కాబట్టి చిరునామాతో పోల్చుకోవాలి.

ఇంకోటి, ఇప్పటి ఓనర్ కంటే అంతకుముందు ఓనర్ మాట నమ్మదగింది. ఇప్పటాయనకు వీళ్లను వదిలించుకోవాలని ఉంటే బంగారం లాంటి మనుషులు అంటారు. ముందాయనకు ఆ అవసరం లేదు. నేను పెద్దగా అడగను. అద్దె ఎన్నిసార్లు ఆలస్యమైంది, డిపాజిట్‌లోంచి ఎంత పట్టుకున్నారు, మళ్లీ వస్తే ఇస్తారా. మూడో ప్రశ్నకు ఎంతసేపు ఆలోచించారో వినండి.

క్రెడిట్ రిపోర్టు తీయడానికి వాళ్ల రాతపూర్వక అనుమతి తీసుకోండి, మీరే స్క్రీనింగ్ సర్వీసు (అద్దెవాళ్ల వివరాలు సరిచూసే సంస్థ) ద్వారా తెప్పించండి, వాళ్లు పంపే పీడీఎఫ్ తీసుకోకండి. స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది, కానీ అంకె దగ్గరే ఆగిపోకండి. ఒక దరఖాస్తులో స్కోరు 610. లోపల చూస్తే బాకీలన్నీ ఆస్పత్రి బిల్లులే, భర్తకు ఆపరేషన్ అయిందట. కారు లోన్ ఒక్క వాయిదా తప్పలేదు, ఐదేళ్లు ఒకే ఇంట్లో అద్దె ఒక్క నెలా ఆలస్యం లేదు. నా షరతుల్లో 650 లోపు ఉంటే రెండేళ్ల అద్దె చరిత్ర, అదనంగా అర నెల డిపాజిట్ అని ముందే రాసి ఉంది, దాని ప్రకారం ఇచ్చాను. ఆ కుటుంబం ఆరేళ్లు ఉంది.

ఆ కుటుంబమే 2021 ఫిబ్రవరిలో మా ఇంటిని కాపాడింది. టెక్సస్ అంతా గడ్డకట్టి, రోజుల తరబడి కరెంటు పోయిన వారం అది. ఎన్నో ఇళ్లలో పైపులు పగిలి పైకప్పులు కూలాయి. ఇక్కడ నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ఏం చేయగలను? ఆవిడ వీధి దగ్గర మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి నీళ్లు ఖాళీ చేసి, ఆ వీడియో నాకు పంపారు. మా రెండో ఇంట్లో అలా చేసేవాళ్లు లేక వంటగది గోడ మొత్తం మార్చాల్సి వచ్చింది. అందుకే మాట్లాడేటప్పుడు "పాత ఇంట్లో ఏదైనా పాడైతే ఏం చేసేవారు?" అని తప్పకుండా అడుగుతాను. అద్దె కట్టడం ఒక్కటే కాదండి, సముద్రాలకు ఇవతల ఉన్నవాళ్లకు ఇల్లు చూసుకునే మనిషి కావాలి.

ఎవరినైనా క్రెడిట్ రిపోర్టు చూసి కాదన్నా, ఎక్కువ డిపాజిట్ అడిగినా, ష్యూరిటీ అడిగినా, ఆ సంగతి వాళ్లకు నోటీసుగా చెప్పాలి. రిపోర్టు ఇచ్చిన సంస్థ పేరు, నిర్ణయం ఆ సంస్థది కాదన్న మాట, 60 రోజుల్లో ఉచితంగా కాపీ అడగొచ్చని, తప్పులుంటే సవాలు చేయొచ్చని అందులో ఉండాలి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టంలో ఉన్న నియమం ఇది. ఆవిడ దగ్గర అర నెల డిపాజిట్ ఎక్కువ తీసుకున్నప్పుడు నేనూ ఈ నోటీసు ఇచ్చాను. స్క్రీనింగ్ సర్వీసుల్లో చాలావాటిలో దీని నమూనా ఉంటుంది, నింపి పంపడమే. టెక్సస్‌లో దరఖాస్తు వచ్చాక 7 రోజుల్లో సరే అనకపోతే కాదన్నట్టే లెక్క, కాబట్టి ఆలస్యం చేయకండి.

కొత్తగా దేశానికొచ్చి క్రెడిట్ స్కోరే లేనివాళ్ల మాటేమిటి? మీ ఇల్లు ఉన్న చోట ఇలాంటి దరఖాస్తులు చాలా వస్తాయి. స్కోరు లేనివాళ్లందరికీ, ఏ దేశం వాళ్లయినా, ఒకే దారి పెట్టుకోండి. నేను ఆఫర్ లెటర్ తీసుకుని కంపెనీతో నేరుగా నిర్ధారించుకుంటాను, మూడు నెలల అద్దెకు సరిపడా బ్యాంకులో ఉన్నట్టు చూస్తాను. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి, మధ్యలో దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. అంతమాత్రాన వాళ్లను కాదనడం సరికాదు. నేను అందరి లీజుల్లోనూ 60 రోజుల నోటీసు, రెండు నెలల అద్దె కట్టి మధ్యలో వెళ్లిపోయే షరతు పెడతాను. చెప్పకుండా తాళాలు వదిలేసి వెళ్లడం కంటే ఇది వాళ్లకూ మంచిది, మనకూ మంచిది. ఎంతమంది ఉండాలన్నదానికి కూడా ఒక హద్దు ఉంది. టెక్సస్ చట్టం పడకగదికి ముగ్గురు పెద్దవాళ్లు దాటకూడదంటుంది, చాలామంది ఓనర్లు గదికి ఇద్దరు అని పెట్టుకుంటారు.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మీ ఫొటోలనే దొంగిలించి వేరేవాళ్లు అద్దెకు పెడతారు. మా ఇల్లు ఒక ఉచిత ప్రకటనల సైట్‌లో సగం అద్దెకు కనిపించింది, పాపం ఒక చిన్న వయసు జంట అడ్వాన్స్ కట్టేసి తాళం కోసం మా గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ల డబ్బు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఫొటోల మీద నా ఏజెంటు నంబరు అచ్చు వేయిస్తాను, ఖాళీగా ఉన్నన్నాళ్లూ రెండు రోజులకోసారి మా చిరునామా నెట్‌లో వెతుకుతాను. చాలా బీమా పాలసీల్లో ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు డబ్బు రాదు, మీ పాలసీ తీసి చూసుకోండి.

చివరిగా, అక్కడ మనిషి. టెక్సస్‌లో ఇతరుల ఇళ్లను డబ్బు తీసుకుని అద్దెకిచ్చేవాళ్లకు రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉండాలి, టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. మొత్తం మేనేజ్‌మెంట్ ఇస్తే సాధారణంగా అద్దెలో 8 నుంచి 10 శాతం, కొత్తవాళ్లను తెచ్చినప్పుడు విడిగా ఫీజు. నేను ఒక ఏజెంటుతో ఇల్లు చూపించడం, దరఖాస్తులు తీసుకోవడం వరకే ఒప్పందం చేసుకుని, కాగితాల పరీక్ష నేనే చేస్తాను. మీకు రాత్రిపూట ఫోన్లు చేసే ఓపిక లేకపోతే మొత్తం వాళ్లకే ఇవ్వండి, కానీ మీ షరతుల కాగితం మీరే రాసివ్వండి. మేనేజర్‌కి ఇల్లు త్వరగా నింపితే ఫీజు వస్తుంది, ఎవరితో నింపారన్నది తర్వాత రెండేళ్లు మోసేది మీరు.

మీ వాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో రాయలేదు. రెండు నెలల టైమ్ ఉంటే ఈ వారం షరతుల కాగితం రాయండి, వచ్చే వారం ఏజెంటుతో మాట్లాడండి, వాళ్లు ఉండగానే ఇల్లు ఒకసారి వీడియో తీయించండి. ఏ కౌంటీలో ఉందో చెప్తే అక్కడి కోర్టు రికార్డులు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఎక్కడ ఎలా వెతకాలో వివరంగా రాస్తాను.